ఇరవయ్యో సభ్యుడి వంతు

కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే చాలు, లోపల నీళ్లున్నాయో ఇంకిపోయాయో వీర్రాజుకు తెలిసిపోయేది. ఈ కొబ్బరి వ్యాపారి మనుషుల్నీ అలాగే చూసి సేవాక్లబ్బులో చేర్పించేవాడు. పంతొమ్మిదొందల డెబ్బై తొమ్మిదిలో తను ప్రెసిడెంటు అయ్యేసరికి కొత్తపేట క్లబ్బులో సభ్యులు ఒక్కొక్కరే జారిపోయి పంతొమ్మిదిమంది మిగిలారు. ఇరవైకి తగ్గితే క్లబ్బు రద్దు చేస్తామని పైనుంచి కబురొచ్చింది. క్లబ్బు పోతే, చలికాలంలో కాకినాడ డాక్టర్లు వచ్చి చేసే కంటి ఆపరేషన్ల క్యాంపూ పోతుంది. అన్నిటికంటే, తన చేతిమీదుగా పోతుంది. ఒక సరుకులో వచ్చిన నష్టం ఇంకో సరుకులో పూడ్చుకోవచ్చు. ఊళ్లో పోయిన పేరు ఏ సరుకులోనూ పూడదు.

ఇరవయ్యోవాడి కోసం సైన్సు మాస్టారు సాలమోను ఇంటికి వెళ్లాడు. సభ్యుడు కాకపోయినా, గోదావరి లంకల్లోని ముసలివాళ్లను పడవలెక్కించి క్యాంపుకు తెచ్చేది ఆయనే.

సాలమోను అంతా విన్నాడు. "చేరడానికేముందండీ. నెలనెలా మీటింగయ్యేక ఒకరింట్లో భోజనాలు కదా. నా వంతొస్తే మీవాళ్లు ఊరవతల మా పేటకొస్తారా అండీ?"

"ఎందుకు రారండీ? నాదండీ పూచీ."

వాకిట్లో బియ్యం ఏరుతున్న ఆయన భార్య మార్తమ్మ తలెత్తకుండానే, "కొబ్బరికాయలకి పూచీ పడొచ్చు గానీ వీర్రాజు గారూ, మనుషులక్కూడా పడతారేటండీ?" అంది.

ముగ్గురూ నవ్వారు. ఆవిడ ఇచ్చిన మజ్జిగ వీర్రాజు గ్లాసుతో సహా అరుగు మీదికి తెచ్చుకుని, వీధిలో పోయేవాళ్లకు కనపడేలా తాగాడు.

సాలమోను వంతు ఆగస్టులో పడింది. వారం ముందు రైసుమిల్లు బుచ్చిరాజు కొట్టుకొచ్చి కూర్చున్నాడు.

"శ్రావణమాసం కదండీ ప్రెసిడెంటు గారూ. నీచు తినం. ఈసారికి మరి..."

"అంతా శాకాహారమే అండీ. మార్తమ్మ గారికి ముందే చెప్పేను."

బుచ్చిరాజు రాశిలోంచి ఒక కాయ తీసి ఊరికే ఆడించాడు. "మాస్టారు మంచోరండి, ఎవరు కాదన్నారు? చేర్చుకున్నాం, పక్కన కూర్చుంటన్నాం. ఇంట్లో ఆడోళ్లు ఒప్పుకోవాలా వద్దా? నాతోబాటు ఇంకో ఆరుగురున్నారు. పోనీ, ఇకనుంచి భోజనాలు హోటల్లో పెట్టించేద్దాం. అందరికీ ఒకటే రూలు. ఎవర్నీ ఏమీ అన్నట్టుండదు."

వీర్రాజు లెక్క వేసుకున్నాడు. మాస్టారు అలిగితే పోయేది ఒకడు. వీళ్లు అలిగితే ఏడుగురు. పైగా మాస్టారు పోడు. ఆయనకు క్యాంపు కావాలి. అవతలివాడి అవసరం తెలిశాక బేరం ఎటు తెగుతుందో ఏ వ్యాపారికైనా తెలుసు. సరేనన్నాడు. అంటున్నప్పుడు కష్టంగా ఉంటుందేమో అనుకున్నాడు గానీ ఏమీ అనిపించలేదు.

చెప్పడం మాత్రం రేపు రేపంటూ నెట్టుకొచ్చి, మీటింగు రోజు మధ్యాహ్నం గుమస్తా వెంకన్నతో కబురంపాడు.

వెంకన్న తిరిగొచ్చి, "గుత్తొంకాయ పొయ్యి మీదుందండి. బెంచీలు కూడా తెప్పించేరండి," అన్నాడు.

"ఏమన్నారు?"

"మాస్టారు ఆయ్, అలాగే అన్నారండి. ఆవిడ పొయ్యి ఆర్పలేదండి."

ఆ సాయంత్రం హోటలు మేడ మీదికి ఇరవైమందీ వచ్చారు. క్లబ్బు పెట్టాక అంత హాజరు ఎప్పుడూ లేదు. విస్తళ్లు వేస్తుండగా సాలమోను లేచి, "ఇంట్లో భోజనం ఉందండి," అన్నాడు.

వీర్రాజు వెనకే గుమ్మం దాకా వెళ్లాడు. "మాస్టారూ, క్లబ్బు మానెయ్యరు కదండీ?"

"మానేస్తే క్యాంపు పోద్ది కదండీ. లంకోళ్లకి మాటిచ్చేను." సాలమోను చెప్పులు వేసుకున్నాడు. "నా మాటకి నేనే పూచీ అండీ. తేదీ తెలిస్తే కబురంపండి, పడవలు మాటాడుకోవాలి. ఈసారి కాస్త ముందుగా పంపండి."

వీర్రాజు వచ్చి తన విస్తరి ముందు కూర్చున్నాడు.

"చూసేరా, ఒక్కడూ పోలేదు," అన్నాడు బుచ్చిరాజు. "మీ హయాంలో క్లబ్బు నిలబడిందండి."

వీర్రాజు ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు సరిపోయిందా అండీ అని వడ్డించే మనిషి అడిగాడు. సరిపోయిందో లేదో తెలియలేదు. సరిపోయిందన్నాడు.