పిన్నికి పట్టుకెళ్లిన టీ

నేను ఒక ఫ్లాస్కుని. ఇప్పటి స్టీలు సీసాల్లా కిందపడినా లేచి నిలబడే జాతి కాదు నాది. పైన ఎర్ర రేకు, లోపల అద్దంలా మెరిసే గాజు. ఆ గాజుకు రెండు గోడలు. ఏ ఫ్యాక్టరీలోనో ఒకాయన ఆ గోడల మధ్య గాలంతా లాగేసి మూతి మూసేశాడు. వేడి దాచడం అక్కడే నేర్చుకున్నాను. మనుషులకు ఈ విద్య అబ్బలేదు, ఎంత కోపమైనా పావుగంటలో చల్లార్చుకుంటారు పాపం.

నన్ను మొదట కొన్నది రైల్వే గార్డు పట్టాభి గారు. గూడ్సు బండి చివరి పెట్టెలో ఆయనా నేనూ చాలా ఊళ్లు తిరిగాం. రిటైరయ్యాక ఆయన రాజమండ్రిలో ఇల్లు కట్టుకున్నారు. దాంతో నా ఉద్యోగమూ మారింది. వీధిలో ఎవరు ఆసుపత్రిలో చేరినా పాలకో, గంజికో నన్నే అడిగి పట్టుకెళ్లేవారు. పురుళ్లు, విరిగిన కాళ్లు, కళ్ల ఆపరేషన్లు అన్నీ చూశాను. చేతిలో నేను కనిపిస్తే చాలు, ఎవరికి బాగోలేదని అడిగేవారు. చివరికి పక్కింటి వకుళ తొలి కాన్పుకు వెళ్లిన నేను, పట్టాభి గారు తిరిగి ఇవ్వక్కర్లేదనడంతో ఆ ఇంట్లోనే ఉండిపోయాను.

వకుళ ఇంటిపట్టునే ఉంటుంది. ఇద్దరు పిల్లల్నీ బడికి పంపి, వంటా గిన్నెలూ బట్టలూ అయ్యాక, మూడింటికి పెరటి మెట్టు మీద ఒక్కతే కూర్చుని టీ తాగడం ఆమెకున్న ఒకే ఒక్క విలాసం. మార్చి నడిమికి ఒంటిపూట బడులొచ్చి అదీ పోయింది. వేప పూసింది, కోయిల కూసింది, ఊరంతా వసంతమని మురిసింది. మా ఇంట్లో మాత్రం పన్నెండున్నరకే పిల్లలు దిగబడి, ఒక పెన్సిల్ కోసం ఒకరి జుట్టు ఒకరు పట్టుకునేవారు.

ఆమె భర్త శ్రీహరి మంచివాడే. ఓ రెండు గంటలు ఎటైనా వెళ్లొస్తానని వకుళ అంటే, ఎటు, ఎవరితో అని అడిగాడు. ఒక్కదాన్నే అనేసరికి కంగారుపడి, ఆదివారం పిల్లలతో సహా లాంచీలో పాపికొండలు చూపిస్తానన్నాడు. అందరి తిండీ, తువ్వాళ్లూ, వాంతుల మాత్రలూ సర్దాల్సింది ఎవరో ఆయనకు తట్టలేదు.

ఒక గురువారం ఆమె టీ కాచి నాలో పోసుకుని, మేడ మీదైనా తాగుదామని బయటి మెట్ల దాకా వచ్చింది. ఎదురింటి మాణిక్యాంబ గారి చూపు నా మీద పడింది.

"అయ్యో, ఎవరికమ్మా? ధవళేశ్వరంలో ఉన్న మీ పిన్నిగారికేనా? నువ్వెళ్లు తల్లీ, పిల్లల్ని నేను చూసుకుంటాను."

వకుళ మేడ అనబోయి నోరు మూసుకుంది. తల ఊపింది. అంతే, గేటు దాటేసింది.

ఆ మధ్యాహ్నం గోదావరి గట్టు మెట్ల మీద, రావిచెట్టు నీడలో కూర్చుని ఆమె వేడి వేడి టీ తాగింది. ఒంటిపూట బడులొచ్చాక ఆమె వేడిగా టీ తాగడం నేను చూడలేదు. మూతలో చివరి గుటక అయ్యాక కళ్లు తుడుచుకుంది. నాకు చెప్పలేనంత గర్వం కలిగింది.

రెండో గురువారం మాణిక్యాంబ గారు పిన్నిగారికని నాలుగు బత్తాయిలు ఇచ్చారు. వకుళ వాటిని గట్టు మీద సిగ్గుపడుతూనే తినేసింది. మూడో గురువారం శ్రీహరి మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. పిన్నిగారికెలా ఉందని ఆవిడ అడిగేసరికి అదిరిపడి, ధవళేశ్వరం ఫోను చేశాడు. పిన్నిగారే ఎత్తి, అప్పడాలు ఒత్తుతున్నానంది. ఆయన ఊరంతా వెతికి, చెమటలు కక్కుతూ గట్టుకొచ్చాడు.

"ఎవరికి బాగోలేదు వకుళా?"

"అందరూ బాగున్నారండీ. నాకే, కాసేపు 'అమ్మా' అనే పిలుపు వినబడని చోట కూర్చోవాలనిపించింది."

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్పానండీ. మీరు లాంచీ అన్నారు."

శ్రీహరి ఆమె పక్కన మెట్టు మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. తర్వాత లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"నువ్వు కూర్చో. పిల్లల దగ్గరికి నేను వెళ్తాను. పిన్నికింకా తగ్గలేదని ఆవిడతో చెప్తాన్లే."

ఆ మనిషి మీద నాకు అప్పటిదాకా ఉన్న కోపం పోయింది.

ఆ మరుసటి ఏడు చిన్నవాడి బంతి తగిలి నా లోపలి గాజు భళ్లుమంది. ఇక పాత సామాన్లవాడి బండే గతి అనుకున్నాను. వకుళ గాజుపెంకులు దులిపేసి, రేకు తుడిచి, మళ్లీ అలమరలోనే పెట్టింది. వసంతంలో ఇప్పటికీ నన్ను ఉత్తగానే పట్టుకుని వెళుతుంది. టీ గట్టు మీద కొనుక్కుంటుంది.

మొన్న మాణిక్యాంబ గారు మా ఇంటికొచ్చారు. నలభై ఏళ్లుగా ఇల్లు కదలని మనిషి, ఇప్పుడు మనవల్ని కూడా ఆవిడే పెంచుతున్నారు. ఫ్లాస్కు ఓసారి ఇమ్మన్నారు. అందులో గాజు పగిలిపోయిందనీ, వేడి నిలవదనీ వకుళ చెప్పింది.

"ఫర్వాలేదమ్మా," అన్నారావిడ.

"ఎవరికండీ బాగోలేదు?"

ఆవిడ నన్ను కొంగుతో తుడిచి చంకన పెట్టుకున్నారు.

"మీ పిన్నికే."