విచ్చుకునే అంచు

శ్రీరంగప్ప ఆ పొద్దున కూడా బ్లేడుతో పెన్సిల్ చెక్కుకున్నాడు, గ్రాఫ్ కాగితం పరుచుకున్నాడు, కాసేపు చూసి మళ్ళీ చుట్టేశాడు. ముప్పై ఏళ్ళుగా ధర్మవరం పట్టుచీరలకు అంచులు గీసిన చెయ్యి అది. పెన్సిల్ ఒత్తి ఒత్తి చూపుడువేలు ఒకపక్కకు వంగిపోయింది. ఆయన గీసిన హంసలు, మామిడి పిందెలు ఊరూరా పెళ్ళిళ్ళకు వెళ్ళొచ్చాయి. ఆయన మాత్రం గుంతకల్లు దాటి పోయింది లేదు.

భార్య ఓబమ్మ పోయినప్పటి నుంచీ కొత్త అంచు ఒక్కటీ పడలేదు. గీసిన ప్రతిదాన్నీ ముందు ఆమే చూసేది. బాగుంటే ఏమీ అనేది కాదు. బాగాలేకపోతే "నిద్ర వస్తాండాది" అని లేచి వెళ్ళేది. ఇప్పుడు అలా లేచి వెళ్ళే మనిషి లేక, ఏది బాగుందో ఆయనకే తెలియడం లేదు. మగ్గాల యజమాని ఆదెన్న మొన్ననే తేల్చేశాడు.

"శ్రావణానికి కొత్త అంచు రాకుంటే బెంగళూరు నుంచి కంప్యూటర్ డిజైను తెప్పిస్తా రంగప్పా. నువ్వు ఇంట్లో కుశాలగా కూచో."

అంతలో పక్కింటి పెళ్ళి వీడియో చూశాడు శ్రీరంగప్ప. అందులో ఒక మొగ్గ విచ్చుకుని, లోపలి నుంచి పెళ్ళికూతురు, పెళ్ళికొడుకుల పేర్లు వచ్చాయి. అప్పటి నుంచీ అదే కళ్ళముందు తిరుగుతోంది. అలాంటివి అనంతపురంలో చేస్తారని కనుక్కుని ఇవాళ బస్సెక్కాడు.

స్టూడియో అంటే మందులషాపు మీద ఒకటే గది. ఏసీ చలి, రెండు కంప్యూటర్లు, వాటి ముందు హేమావతి అనే పాతికేళ్ళ పిల్ల. పెళ్ళి వీడియోల్లో పేర్లు, కేబుల్ టీవీలో చీరలషాపు ప్రకటనలు కదిలేలా చేయడం ఆమె పని.

"వీడియో చేయించాల్నా పెద్దనాయనా?"

"లేదు పాపా. అంచులు గీసేవాణ్ణి. పెళ్ళి వీడియోలో విచ్చుకునే పువ్వును ఒకతూరి చూసిపోదామని వచ్చినా."

ఇలాంటి బేరం హేమావతికి ఎప్పుడూ తగల్లేదు. అయినా కుర్చీ జరిపి, తెర మీద పువ్వును పెట్టింది. మొగ్గ విచ్చుకుంది. శ్రీరంగప్ప రెప్ప వేయకుండా చూసి, లేచి, నేరుగా కంప్యూటరు వెనక్కు వెళ్ళి తొంగిచూశాడు. చీర చేతికొస్తే ముందు తిరగేసి పోగులు చూడటం నేత ఊళ్ళలో అందరికీ ఉండే అలవాటు. ఇక్కడ పోగులు లేవు. దుమ్ము పట్టిన వైర్లూ, ఎండిపోయిన బల్లి ఒకటీ ఉన్నాయి.

హేమావతి పకపకా నవ్వింది. "ఆడేముంటాది పెద్దనాయనా?"

"పనితనం ఎనకవైపు కదా తెలిసేది," అన్నాడాయన సిగ్గుపడుతూ.

ఆ మాట ఆమెకు నచ్చింది. "దీనికీ ఎనకవైపు ఉండాది, రా," అని పువ్వును ఆపి, మీట నొక్కుతూ ఒక్కొక్క బొమ్మే జరిపింది. మూసిన మొగ్గ. ఒక రేకు వదులైన మొగ్గ. ఇంకొంచెం. "ఏదీ కదల్దు. అన్నీ నిలబడిన బొమ్మలే. వరసగా చూస్తే కదిలినట్టుంటాది, అంతే."

శ్రీరంగప్ప చూపుడువేలు గాలిలో ఒక రేకు గీసింది. ఇన్నేళ్ళూ అంచు పొడవునా ఒకే పువ్వును పరుచుకుంటూ పోయాడు. చీర లోపలి కొస దగ్గర మొగ్గతో మొదలుపెట్టి, కాస్త కాస్త విప్పుకుంటూ పోయి, కొంగు దగ్గర నిండుగా పూయిస్తే? బొమ్మ నేతలో పడేలా మగ్గానికి ఎక్కించే చిల్లుల అట్టలు ఎన్నో రెట్లు పడతాయి, ఆదెన్న కసురుకుంటాడు. కసురుకోనీ. ఈ అంచు చూస్తే ఓబమ్మ లేచి వెళ్ళేది కాదు. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే ఆయనకు తెలిసింది. సంతోషంతో కళ్ళు తడిశాయి.

"ఇంగోసారి చూస్తావా?"

"చాలు పాపా. మరిచిపోకముందే పోయి గీసుకోవాల."

గబగబా మెట్లు దిగిపోయాడు. హేమావతి కిటికీలోంచి చూసేసరికి, ఎండకు మెత్తబడిన తారురోడ్డు మీద ధర్మవరం బస్సు వెనక పరిగెత్తుతున్నాడు. కండక్టరు చెయ్యిచ్చి లోపలికి లాక్కున్నాడు. బస్సు మలుపు తిరిగింది.

సాయంత్రం తలుపు వేయబోతూ ఆమె బయటికి చూసింది. గడప పక్కన, మడమల దగ్గర అరిగిపోయిన తోలు చెప్పుల జత ఒకటి గోడకు ఆనించి బుద్ధిగా పెట్టి ఉంది.