గోడ అవతలి మల్లెపందిరి

రెండు వేల మూడు వేసవిలో హిందూపురంలో కొళాయి వారానికోసారి వస్తే అదే గొప్ప. మునిసిపాలిటీ వాళ్ళు ఆటోకు మైకు కట్టి వీధులన్నీ తిరిగారు. కొళాయి నీళ్ళు తాగడానికీ, ఇంటి వాడకానికీ మాత్రమే గానీ చెట్లకు పోయరాదు, పోస్తే కనెక్షను తీసేస్తామన్నారు.

ఆ మాట విన్న రోజు నుంచి అంజనమ్మ తన పెరటి మల్లెకు ఒక్క చెంబు నీళ్ళు కూడా పోయలేదు. పోయనందుకు లోపల కుమిలిపోయింది. వీధి భజన మందిరంలో రాములవారి పటానికి బజారు పూలు వేయరు. వీధిలో ఎవరింట్లోనో పూసినవే వేయాలి. అత్తగారి కాలం నుంచి శనివారం దండ అంజనమ్మ ఇంటిదే. "అంజనమ్మ దండ తెచ్చిందా?" అని పూజ చేసే గోవిందప్ప అడిగినప్పుడల్లా ఆమె కొంగు సర్దుకుని ముందుకు వచ్చేది.

ఎండలు ముదిరేసరికి ఆమె మల్లె పుల్లలైంది. గోడ అవతల ప్రమీల పందిరి మాత్రం విరగబూసింది. ప్రమీల తాడిమర్రి నుంచి మొన్నమొన్న కాపురానికి వచ్చిన పిల్ల. ఇప్పుడు దండ ఆ పిల్లది. భజనలో అంజనమ్మ కళ్ళు మూసుకుంటే రాములవారు కనబడలేదు, ఆ దండే కనబడింది.

"దొంగతనంగా కొళాయి నీళ్ళే పోస్తాండాది," అంది మొగుడు నరసింహులుతో.

"నువ్వు చూసిండావా?"

"చూడల్లా? చెట్టే చెప్తాండాది గదా."

"నీతో బాగానే మాట్లాడతాది ఆ చెట్టు. నాతో ఒక్కమాటా అనదే," అని ఆయన పక్కకు తిరిగి పడుకున్నాడు.

కొళాయికి నీళ్ళు వదలడానికి వచ్చిన మునిసిపాలిటీ మనిషి సురేంద్ర చెవిన అంజనమ్మ ఆ మాట వేసింది. అతను నేరుగా ప్రమీల పెరట్లోకి పోయాడు. అంజనమ్మ గోడ పక్కన నిలబడి చెవులు రిక్కించింది.

"చూడన్నా, దాచేదేముండాది," అంటోంది ప్రమీల. "ఈ బండ మీద నీళ్ళు పోసుకుంటాము. సోపు తక్కువ, సున్నిపిండే ఎక్కువ. ఆ నీళ్ళు ఈ కాలవలో చెట్టు మొదట్లోకి పోతాయి. తడి ఆరకుండా పైన శనక్కాయల పొట్టు కప్పినా."

"ఇంకేమమ్మా. ఆర్డరు కొళాయి నీళ్ళు పట్టి పోసేవాళ్ళకు. వాడిన నీళ్ళకు ఎవురూ అడ్డం చెప్పరు. ఎవురో అనుమానపడి చెప్తే వచ్చినా."

"పచ్చగుండే చెట్టును చూస్తే ఎవురికైనా అనుమానం వస్తాది లే అన్నా," అని నవ్వింది ప్రమీల.

ఆ నవ్వు అంజనమ్మకు కారం చల్లినట్టయింది. అంతలోనే ఇంకో మాట తోచి గుండె తేలికపడింది. ఒళ్ళు కడిగిన నీళ్ళు! తను దేవుడి చెట్టుకు ఏనాడూ అలాంటి నీళ్ళు తగలనివ్వలేదు. స్నానం నీళ్ళన్నీ వీధి కాలవలోకే పంపింది. చెట్టు ఎండినా సరే అనుకుంది. మరి ఆ పూలు స్వామి మెడలోనా?

ఆ సాయంత్రమే గోవిందప్ప ఇంటికి పోయి చెప్పింది.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "చెప్పకుండా ఉంటే బాగుండు గదమ్మా. తెలిసినాక యాడ వేసేది?"

"మన మంచికే చెప్తాండా మామా."

"ఎవురి మంచికో స్వామికే తెలియల్ల," అన్నాడాయన.

శనివారం ప్రమీల దండ తెస్తే గోవిందప్ప ఆమెను గుమ్మం దగ్గరే ఆపి మెల్లగా సంగతి చెప్పాడు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. ఒక మూలన కూర్చుని దండను తుంపి తలా ఒక మూర పంచింది. మందిరంలో ఆడవాళ్ళందరి జడలూ తెల్లబడ్డాయి. పటం బోసిగా ఉంది. అంజనమ్మకు తెలిసి ఎన్నడూ అలా లేదు.

"అక్కా, తల ఇట్ల తిప్పు," అంటూ ప్రమీల ఆమె దగ్గరికీ వచ్చింది.

వద్దనాలనుకుంది. అందరూ చూస్తున్నారు. తల తిప్పింది. వాసన గుప్పుమంది, ఏ ఏడూ తన చెట్టు పూలకు రానంత వాసన. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమెకు మనసు రాలేదు.

హారతి అయ్యాక పటం ముందు వంగి దండం పెట్టుకుంది. ఒళ్ళు కడిగిన నీళ్ళతో పెరిగిన పూలు నా తలకు పనికివచ్చినాయి, ఈ తలనే నీ ముందు పెడుతున్నాను, మరి దీన్ని ఒప్పుకుంటావా స్వామీ అని అడిగింది. లేవబోతుంటే జడలోంచి మూర జారి పటం అంచు మీద పడింది.

ప్రమీల పూలు. తీసేద్దామని చెయ్యి చాచింది. గోవిందప్ప చూసి, హారతి పళ్ళెం సర్దుకుంటూ అటు తిరిగాడు.

అంజనమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని వచ్చి తన చోట కూర్చుంది.