గుడ్డ మీద నక్క

మా మామ పెహాన్ లూటా మా గుంపుకి పెద్ద. బొమ్మలు వేయడంలోనూ ఆయన తర్వాతే ఎవరైనా. అమెరికా మైదానాల్లో గుర్రాల మీద తిరిగే మా లకోటా తెగలో బొమ్మ వేసేవాడికి ఒక కట్టుబాటుంది: ఎవరి సాహసం వాళ్ల పేరు మీదే వెయ్యాలి. ఇంకొకరిది తనదని చెప్పుకున్నవాడికి సభలో చోటుండదు.

తెల్ల సిపాయిలు మమ్మల్ని తెచ్చి ఏజెన్సీ చుట్టూ, అంటే వాళ్ల సర్కారు మాకు రేషనిచ్చే ఠాణా చుట్టూ కూర్చోబెట్టాక, తెల్ల ఏజెంటు మామకు పెద్ద గుడ్డ, రంగులు ఇచ్చాడు. "మీ పాత రోజులు వెయ్యి. పట్నంలో జనం చూస్తారు," అన్నాడు.

మామ చలికాలమంతా కూర్చుని వేశాడు. దున్నల వేట వేశాడు. కాకి తెగవాళ్ల గుర్రాలను తోలుకురావడం వేశాడు. నల్లకొండల్లో మా నేల కొలవడానికొచ్చిన తెల్లవాణ్ణి కూల్చడం కూడా వేశాడు. అతన్ని కూల్చింది మామకు వరసకు బావ, ప్రాణస్నేహితుడు తోకాలా. తోకాలా అంటే నక్క. అందుకే గుర్రం మీది మనిషి తలపైన చిన్న నక్కను గీశాడు.

తోకాలా బొమ్మ చూసి మురిసిపోయాడు.

"నా ముక్కు మరీ ఇంతుంటుందా బావా?"

"తగ్గించే వేశాను. ఉన్నదున్నట్టు వేస్తే గుర్రానికి చోటు చాలదు."

ఆ నక్క ఎవరో దుబాసీ ఏజెంటుకు చెప్పేశాడు. మర్నాడే సిపాయిలొచ్చి తోకాలా కాళ్లకు సంకెళ్లు వేశారు.

మామ అందరి ముందూ ఏజెంటుకు ఎదురుగా నిలబడ్డాడు. "ఆ కొలతలవాణ్ణి చంపింది నేను. బొమ్మలో అబద్ధం వేశాను. నన్ను తీసుకుపోండి."

ఆ మాటకు మావాళ్లు తలలు దించుకున్నారు. తోకాలా మాత్రం మండిపడ్డాడు.

"సిగ్గులేదూ నీకు! నాకు మిగిలింది అదొక్కటే. అదీ లాక్కుంటావా?"

"నోర్ముయ్యరా, చస్తావు!"

"చస్తే నా పేరుతోనే చస్తాను. నువ్వు పక్కకి జరుగు."

దుబాసీ ఆ మాటలూ చెప్పాడు. ఏజెంటు నవ్వి, బండి కదలమన్నాడు.

తోకాలా తూర్పున ఏదో జైల్లో దగ్గుతో పోయాడని కబురొచ్చింది. శవం రాలేదు. అతని భార్య వియాకా, మొగుడు పోతే మా ఆడవాళ్లు చేసేట్టే, జుట్టు కోసేసుకుని మామ గుడారం ముందుకొచ్చింది.

"ఆ బొమ్మ ఎవరి చేతికి పోతుందో వేసేటప్పుడు నీకు తెలీదా అన్నయ్యా?"



పెద్దల సభ కూర్చుంది. "ప్రాణం కాపాడాలనే అన్నాడు, మాకు తెలుసు. కానీ అన్నాడు కదా," అన్నాడు అందరిలోకీ ముసలాయన. ఆయన ఇంకేదో చెప్పబోతుండగానే మామ లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. మళ్లీ రంగు ముట్టుకోలేదు. రేషన్ మాంసం పంచే రోజున వరసలో అందరికన్నా వెనక నిలబడేవాడు. ముందుకు రమ్మని నేనెంత లాగినా కదిలేవాడు కాదు. ఆయన దాకా వచ్చేసరికి ఎముకలే మిగిలేవి.