వాయిదా పడితే వచ్చే గొంతు

పొద్దు బారెడెక్కేసరికి నీలి మంచె మీద ఉంది. జొన్న కంకి పాలు పోసుకునే కాలం, చిలకలు మబ్బు దిగినట్టు దిగుతాయి. మిగతా చేలవాళ్లు వడిసెలలు తిప్పుతారు. నీలికి ఆ ఓపిక ఎన్నడూ లేదు. నోరుండగా రాయెందుకు దండగ? ఆమె ఒక్క కేకేస్తే చిలకలు వాగు దాటిపోయి పెద్దవంగర వాళ్ల చేలల్లో వాలేవి. అక్కడివాళ్లు ఆమెను పేరుపెట్టి తిట్టుకునేవాళ్లు.

"హూయ్! మీ గూళ్లు కూలిపోను, మీ ముక్కులు..." అని ఎత్తుకున్నదల్లా సగంలో తెగిపోయింది. నోరు తెరిచే ఉంది, పెదవులు ఆడుతూనే ఉన్నాయి, లోపల మాత్రం ఎండిన బావి. చిలకలు తాపీగా కంకుల మీద కూర్చుని ఆమె వైపు చూశాయి.

పక్క చేనులో కలుపు తీస్తున్న ఎల్లక్క నడుమెత్తకుండానే, "అసెంబ్లీ షురూ అయినట్టున్నది," అన్నది.

ఆ నియోజకవర్గంలో ఇదేమీ కొత్త కాదు. ఎవరు గెలిచినా, ఓటర్లలో ఒకరి గొంతు ఆయన వెంట హైదరాబాదు పోతుంది. పిల్లి ఏ కోడిని ఎత్తుకుపోతుందో ముందే తెలియనట్టు, ఎవరి గొంతు పోతుందో కూడా ముందు తెలియదు. కిందటిసారి పెద్దవంగర కమ్మరి పోశాలుది పోయింది. "నా గొంతుతోని ఎవలికి పని? సుత్తె మాట్లాడతది," అని ఆయన అయిదేండ్లు నిమ్మళంగా గడిపాడు. ఈసారి టీక్యా తండా నీలిది పోయింది. సభ కూర్చున్నంతసేపు గొంతు అక్కడ, సభ లేచిందంటే ఇక్కడ.

మామూలు రోజులైతే ఒక లెక్క ఉండేది. ఇవి తెలంగాణ లొల్లి రోజులాయె. సభ మొదలుకాగానే ఎవరో ఒకరు స్పీకర్ ముందుకురికి కాగితాలు చింపేవాళ్లు. వాయిదా. మళ్లీ మొదలు, మళ్లీ వాయిదా. నీలి గొంతు బాయికాడి కరెంటులెక్క వచ్చి పోయేది. "కూరల ఉప్పు" అని మొదలుపెడితే "తక్కువైంది" అనేసరికి కూర అయిపోయేది. టీవీ కంటే ముందు తండాకే కబురు తెలిసేది. రోడ్డు మీద దీక్ష శిబిరంలో కూర్చున్న పిల్లలు ఫోన్ చేసి అడిగేవాళ్లు.

"నీలక్క మాట్లాడుతున్నదా?"

"మాట్లాడుడా? తిడుతున్నది."

"అయితే వాయిదా పడ్డట్టే."

నీలికి అర్థం కానిది ఒక్కటే. గొంతు పోతే పోయింది, అక్కడ నలుగురికి పనికొస్తే సరే. కానీ టీవీలో దాన్ని ఆమె ఒక్కనాడూ వినలేదు. ఎమ్మెల్యే శ్రీపాల్‌ని ఎప్పుడు చూపించినా, పంటినొప్పి వచ్చినవాడిలా మూతి బిగించుకుని కూర్చునేవాడు.

ఇంతలో బిడ్డ కల్యాణి పెండ్లి కుదిరింది. పిల్లవాడు గోపాల్, గుట్టకింది తండా, అదే నియోజకవర్గం. అతనితో పేచీ లేదు, పేచీ అంతా అతని తండ్రి ప్రేమ్‌చంద్‌తోనే. కల్యాణి హన్మకొండలో నర్సింగు చదువుతున్నది, సగమయింది. పెండ్లయినాక మిగతాది చదవనిస్తారా అని అడిగితే ఆయన మీసం దువ్వుకుని, "చూద్దాం తియ్యి," అన్నాడు. ప్రేమ్‌చంద్‌ని ఏదడిగినా అదే మాట. బోరేద్దామా అంటే చూద్దాం. ఎద్దుకు రోగమొచ్చింది, డాక్టరును పిలుద్దామా అంటే చూద్దాం. ఆయన చూస్తుండగానే ఎద్దు చచ్చింది.

"ఆయన చూసేటాల్లకు నా బిడ్డకు మనుమలు పుడతరు," అన్నది నీలి. "పాటల పెడత. అప్పుడు ఎట్ల చూస్తడో నేనూ చూస్త."

పాటలో పెట్టడమంటే తండాలో అందరికీ తెలుసు. పిల్లను సాగనంపేటప్పుడు తల్లీబిడ్డలు మెడలు పట్టుకుని పాట కట్టి ఏడుస్తారు. బయటివాళ్లకది ఏడుపు, తండాకు ఒప్పందం. పిల్లను ఎట్లా చూసుకోవాలో, ఏది ఆపకూడదో తల్లి ఆ పాటలో చెబుతుంది. వియ్యాలవాళ్లు అక్కడికక్కడ కాదనకపోతే అవునన్నట్టే. రేపు ఏ పంచాయితీ జరిగినా పాటలో వచ్చిన మాట నిలబడుతుంది, రానిమాటకు దిక్కు లేదు. తల్లి బతికుండగా పెద్దమ్మ పాడినా, మేనత్త పాడినా చెల్లదు.

రెండు తండాలకూ పిలుపులు పోయినాక తెలిసింది, పెండ్లినాడు అసెంబ్లీ ఉందని.

ఆదివారం నాడు, గొంతు తన దగ్గరే ఉండగా, నీలి శ్రీపాల్ ఇంటికి బయలుదేరింది. గేటు ముందే దీక్ష టెంటు. అందులో ఉన్న సురేష్ అనే బడిపంతులు ఆమెను చూడగానే లేచి వచ్చి చేతిలో జెండా పెట్టాడు.

"కరెక్టు టైముకొచ్చినవ్ అక్కా! మేం గూడ గిదే అడుగుతున్నం. రాజీనామా చెయ్యమను."

"నాకు రాజీనామా ఎందుకు తమ్మీ, నాకు నా గొంతు గావాలె."

"రెండొకటే అక్కా. ఆయన దిగిపోతే నీ గొంతు నీకొస్తది."

నీలికి ఆశ పుట్టింది. "దిగినంక?"

"మళ్ల ఎలక్షన్లొస్తయి."

"అండ్ల ఎవల్ని గెలిపియ్యాలె?"

"దిగినోన్నే."

"గెలిచి ఏం జేస్తడు?"

"తెలంగాణ ఇయ్యకుంటె మళ్ల రాజీనామా చేస్తడు."

నీలి అతని ముఖంలోకి చూసింది. తిండి లేక తల తిరుగుతున్నదేమో పాపం అనుకున్నది. "నాటినోడే పీకవట్టె, పీకినోడే నాటవట్టె. మరి కంకి ఎప్పుడు తమ్మీ?"

"అది ఢిల్లీల అడగాలె అక్కా," అన్నాడు సురేష్.

శ్రీపాల్ చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించాడు, చాయ తెప్పించాడు. నీలి చాయ ముట్టలేదు.

"సారూ, నా గొంతు తీస్కపోయి నువ్వెందుకు మూసుకొని కూసున్నవ్?"

ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు. "ఒక్కసారి తెరిచిన నీలమ్మా. లేచి నిలబడి 'అధ్యక్షా' అన్న. మీసాలోని నోట్లె ఆడిగొంతు, అందుల తండా యాస. బల్లలు గుద్దుకుంట నవ్విండ్రు. గా దినం సంది నోరు తెరవలే."

"నవ్వితే నవ్విండ్రు! సినిమాల్ల మన మాట విని నవ్వుత లేరా? నవ్వెటోనికి వినవడ్డట్టే గదా. నువ్వు మూసుకుంటె ఏమొచ్చె? నాకు లేకపాయె, నీకు లేకపాయె. గడ్డివాము కాడి కుక్కోలె, తినకపోతివి, తిననియ్యకపోతివి."

శ్రీపాల్ తల వంచుకుని విన్నాడు. ఓట్లప్పుడు తప్ప ఇంత సేపు ఎవరి మాటా వినలేదేమో, ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మాట్లాడకుంటె మాట్లాడకపోతివి," అన్నది నీలి. "పెండ్లినాడు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సభ వాయిదా వడేటట్టు చూడు. అందరు రోజూ చేసే పనే గదా. నా బిడ్డ చదువు నా పాటల ఉన్నది."

"చూద్దాం నీలమ్మా," అన్నాడు శ్రీపాల్.

ఆ మాట నీలికి ఎక్కడో విన్నట్టనిపించింది.

బయటికి రాగానే సురేష్ ఎదురొచ్చాడు. "ఏమన్నడు?"

"చూద్దామన్నడు."

"రాజీనామాకు చూద్దామన్నడట!" అని అతను మైకులో చెప్పాడు. శిబిరం చప్పట్లతో అదిరింది. నీలి ఏదో చెప్పబోయింది. అప్పటికే ఎవరో ఆమె మెడలో దండ వేశారు.

పెండ్లినాడు టీక్యా తన టీవీని వాకిట్లోకి తెచ్చి పెట్టించాడు. టీక్యా తండాకు పెద్ద, తండా పేరు ఆయన తాతది. పందిట్లో సగం మంది పెండ్లికూతురిని, సగం మంది స్పీకర్‌ని చూస్తున్నారు. ఆ ఒక్కరోజు గొడవ చేయొద్దని పార్టీలన్నీ మాట అనుకున్నాయట. ఎందుకనుకున్నాయో వాటికే తెలియదు. సభ గుడిలో పురాణంలా సాగుతున్నది. శ్రీపాల్ తన చోట మూతి బిగించుకుని కూర్చున్నాడు. పొద్దు నడినెత్తి దాటింది. నీలి గొంతు రాలేదు.

"పొద్దు వాలుతున్నది, పిల్లను పంపుండ్రి," అన్నాడు ప్రేమ్‌చంద్, చాలా దయగా. "పాట లేకుంటె ఏమాయె? మేమేమన్న పరాయోళ్లమా?"

కల్యాణి కదల్లేదు. చదువు పుస్తకాల సంచి భుజాన ఉన్నది, పెండ్లి బట్టల మీద అదొక వింత నగలా ఉంది. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, "యాడీ..." అని అమ్మను పిలుస్తూ తన పాట తను ఎత్తుకున్నది.

నీలి నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. కన్నీళ్లు కారాయి. చప్పుడు లేదు.

టీవీలో శ్రీపాల్ లేచి నిలబడ్డాడు.

"సభ్యులు కూర్చోవాలి," అన్నాడు స్పీకర్. శ్రీపాల్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి పాట కారింది. తండా భాషలో, నీలి గొంతుతో. ఇక్కడ నీలి పెదవులు ఆడుతున్నాయి, అక్కడ పాట మోగుతున్నది, మెరుపు వెంట ఉరుము వచ్చినట్టు.

*నా ఇంటి ముందటి మోదుగుపువ్వా, ఏ వాకిట రాలుతవే బిడ్డా. నీ నెత్తిన బిందె పెట్టనీ, నీ చేతికి కొడవలియ్యనీ, ఆ సంచి మాత్రం దించనియ్యకు. సగం కుట్టిన గాయం మానదే బిడ్డా, సగం చదువు గూడ అంతే. వియ్యాలోడా, విన్నవా? కాదంటే ఇప్పుడే అను. నా చెయ్యి ఇంకా నా బిడ్డ మెడ మీదనే ఉన్నది.*

శ్రీపాల్ చేతులు దింపేశాడు. ఆయన కళ్లలోంచి కూడా నీళ్లు కారుతున్నాయి. అవి ఎవరి కన్నీళ్లో చెప్పడం కష్టం. సభలో ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక్కరూ నవ్వలేదు.

టీక్యా వియ్యంకుడి వైపు తిరిగాడు. "విన్నవ్ గదా ప్రేమ్‌చంద్. కాదంటవా?"

ప్రేమ్‌చంద్ మీసం దువ్వుకున్నాడు. "గొంతు ఆమెదే కావచ్చు. నోరు ఎమ్మెల్యేది. టీవీల వచ్చిన మాటకు నేనెట్ల జవాబియ్యాలె? ఇంటికి పోయినంక చూద్దాం."

ఇది పెద్దమనుషులకు చిక్కుముడి అయింది. పాట పాడినట్టా, పాడనట్టా? గొంతు ఉన్నచోట చెల్లుతుందా, నోరున్న చోట చెల్లుతుందా? పొద్దు గుంకేదాకా వాదించుకున్నారు. మేకకూర వండినవాళ్లు కూడా వచ్చి తలో మాట అన్నారు. తేలలేదు. కల్యాణి సంచితో సహా అత్తగారింటికి పోయింది. సంచి అక్కడ చిలుక్కొయ్యకు వేలాడింది.

మర్నాడు పేపర్లలో శ్రీపాల్ బొమ్మ వచ్చింది, తెలంగాణ కోసం సభలో వెక్కివెక్కి ఏడ్చిన ఎమ్మెల్యే అని. ఊరూరా దండలు పడ్డాయి. అన్ని దండలు మోసినాక రాజీనామా చేయకుండా ఎట్లా ఉంటాడు? చేశాడు. నీలి గొంతు నీలికొచ్చింది. చిలకలు మళ్లీ వాగు దాటాయి. ఏ పూట అడిగినా ప్రేమ్‌చంద్ మాత్రం చూద్దామనే అన్నాడు.

వానలు పడ్డాక ఉప ఎన్నికలొచ్చాయి. వరుసలో వెనక నిలబడ్డ ఎల్లక్క, "మళ్ల వానికే గుద్దుతవా?" అని అడిగింది.

"తెలుస్తలేదక్కా," అన్నది నీలి. ఆమె అట్లా అనడం ఎల్లక్క ఎన్నడూ వినలేదు. "నా గొంతు దాసుకున్నదీ వాడే, ఆఖరికి దానికి అడ్డం తప్పుకున్నదీ వాడే. ఆ ఇద్దరు శ్రీపాల్‌లకు రెండు మీటలుంటె మంచిగుండు. లోపల బొమ్మ ఒక్కటే ఉంటది."

లోపల చాలాసేపు నిలబడింది. బయట ఆఫీసరు దగ్గాడు. మీట నొక్కి, వేలి మీది సిరా ఊదుకుంటూ వచ్చింది.

శ్రీపాలే గెలిచాడు. మొదటి సభ రోజునే కల్యాణికి హాస్టలు నుంచి ఫోనొచ్చింది, సాయంత్రానికి రాకపోతే సీటు పోయినట్టేనని. బిడ్డ కబురందుకుని నీలి పరుగున గుట్టకింది తండాకు బయలుదేరింది. మళ్లీ శ్రీపాలే కాబట్టి గొంతు కూడా మళ్లీ తనదే పోతుందని, సభ కూర్చునేలోపే వియ్యంకుడిని కడిగేయాలని ఆమె లెక్క. బస్సు ఆలస్యం చేసింది. ఆమె వాకిట్లో అడుగుపెట్టేసరికి పొద్దు బారెడెక్కింది. అయిపోయింది, గొంతు పోయి ఉంటుంది అనుకుని ఊరికే దగ్గి చూసింది. దగ్గు వినపడింది. "కల్యాణీ," అన్నది. అదీ వినపడింది. ఏమీ అర్థం కాలేదు.

కల్యాణి సంచి భుజానికి తగిలించుకుని మామ ముందు నిలబడి ఉన్నది.

"మామా, చదువుకు పోయొస్త. వద్దంటవా?"

ప్రేమ్‌చంద్ మీసం దువ్వుకుని నోరు తెరిచాడు. పెదవులు ఆ మాటనే చుట్టాయి. చప్పుడు రాలేదు. గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు కూడా రాలేదు.

"బాపూ?" అన్నాడు గోపాల్. తండ్రిని కాసేపు చూసి, ఇంకేమీ అడక్కుండా పోయి టీవీ పెట్టాడు.

శ్రీపాల్ లేచి నిలబడి ఉన్నాడు. చేతులు నోటికి అడ్డం లేవు. బీడీలతో బొంగురుపోయిన ప్రేమ్‌చంద్ గొంతు సభంతా నిండింది. "అధ్యక్షా, చూద్దాం చూద్దాం అని మస్తు ఏండ్లు జరిపిండ్రు. ఇగ ఆ మాట మాకొద్దు. ఇస్తరా, ఇయ్యరా? ఇప్పుడే తేల్చుండ్రి."

కల్యాణి మామ నోటి వైపే చూస్తూ, న్యాయంగా, కావలసినంతసేపు ఆగింది. తర్వాత వంగి ఆయన కాళ్లు మొక్కింది. గోపాల్ బండి తీశాడు.

నీలి నోట్లో మాటలు బారులు తీరి ఉన్నాయి. పెండ్లినాటి నుంచి కూడబెట్టినవి, ఒక్కొక్కటీ నూరి పెట్టినవి. గొంతు కూడా ఉంది. ఆమె వాటిని మింగింది. ముంతలో నీళ్లు తెచ్చి వియ్యంకుడి ముందు పెట్టి, పక్కన కూర్చుని తనూ టీవీ చూసింది.

ప్రేమ్‌చంద్ ముంత ముట్టలేదు. కళ్లార్పకుండా స్పీకర్ వైపే చూస్తున్నాడు.

ఆ రోజు సభ వాయిదా పడలేదు.