మూడు దినాల సెలవు

బెంగళూరు మిల్లులో ఏడేండ్లు పనిచేసి, ఒక దినం మా ఇంటాయన చౌడప్ప ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకోని బాగలూరు దగ్గిర మా ఊరికి వచ్చేసినాడు. అరవైయొకటో సంవత్సరం మాట ఇది. "ఇంక ఒకడి కింద పనిచేసేది లేదు నంజీ. సైరను లేదు, మేస్త్రీ లేడు, గేటుకాడ జేబులు తడిమేవాడు లేడు. ఇంటిపట్టునే పని. మా నాయన మాదిరి పట్టుపురుగులు పెంచుదాము" అన్నాడు. మా మామ ఉన్నప్పుడు ఈ ఇంట్లో పురుగులు పెంచినారంట, ఆయన పోయినాక నిలిచిపోయింది. నేనూ వెర్రిదాన్ని, సంతోషపడినాను. మొగుడు కండ్ల ముందరే ఉంటాడు, ఇంకేం కావాల అనుకున్నాను.

ఇంటిపట్టున పని అంటే ఏమో నెల తిరక్కముందే తెలిసింది. ఇల్లు పురుగులకు, పని నాకు, ఇంటిపట్టున ఉండేది ఆయనకు. మాది రెండంకణాల ఇల్లు. పెద్ద అంకణంలో పురుగుల తట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చినాము. మంచం బయటికి పోయింది, దాని వెనకాలే మేమూ అరుగు మీదికి పోయినాము. పురుగులకు వాసన పడదంట. తాలింపు వద్దు, ఉల్లిగడ్డ వేయించొద్దు, సాంబ్రాణి వద్దు, తలకు వాసననూనె వద్దు. పెండ్లయిన కొత్తలో అత్తకు కూడా నేను అంత భయపడలేదు. బీడీ వాసన కూడా పడదు గదా, పాపం మా ఆయన పురుగుల మేలుకోరి పొద్దన పోయి మధ్యాన్నం దాకా టీ అంగడికాడే బీడీ తాగతా ఉండేవాడు.

వచ్చినాక అరుగు మీద కూచోని, "ఆకు ఇంకా సన్నగా తరుగు, ఆ తట్ట కింద పెంట తీయి" అనేవాడు. మేస్త్రీ లేని పని కావాల అన్నోడు, తానే మేస్త్రీ అయినాడు. దినానికి ఐదు మేతలు. తోటకు పోయి మల్బరీ ఆకు కోసుకొచ్చేది, తరిగేది, వేసేది, పెంట ఎత్తేది అన్నీ నేనూ మా అత్త కదిరమ్మా. ఇంత చేసినా పక్కింటి మారక్క వచ్చి, "నువ్వు ఇంట్లోనే ఉండావు గదా నంజమ్మా, రాగులు ఎండబోసినాను, కోళ్ళు రాకుండా చూస్తా ఉండు" అని చెప్పి పొయ్యేది. కొండకు పోయి కట్టెలు కొడితే అది పని. గడప లోపల చేస్తే అది తీరిక. నేనూ కాదనలేక మారక్క కోళ్ళను తోలతా ఉంటిని.

మిల్లులో ఆదివారం సెలవు ఉండెనంట. పట్టుపురుగుకు ఆదివారం తెలీదు. నాకు సెలవంటే ఒకటే, నెలకు మూడు దినాలు. బయట చేరిన ఆడది పురుగులింటి గడప తొక్కకూడదు, తొక్కితే పురుగు చస్తుంది, ఇది మా దిక్కు కట్టు. అందుకని ఆ మూడు దినాలు పశువుల కొట్టం పక్కన చాపేసుకోని కూచుంటాను. దోమలు కుడతాయి, పేడవాసన ఉంటాది. అయినా నాకు అది తిరునాళ్ళే అనుకోండి. ఒకరు తెచ్చిపెట్టిన సంగటి తిని, కాళ్ళు చాపుకోని, పట్టపగలు నిద్రపొయ్యే దాన్ని.

పోయిన పంటలో నేను అట్లా బయట కూచోనుండగా జడివాన పట్టుకునింది. తడి ఆకు పురుగుకు విషం, ఆరబెట్టి వేయాల. మా ఆయనకు అంత ఓపిక యాడుంది. కోసింది కోసినట్టే కుమ్మరించినాడు. నాలుగు దినాల్లో పురుగంతా మెత్తబడి, నల్లబడి, కంపు కొట్టింది. తట్టలకు తట్టలు గుంట తీసి పూడ్చినాము. హోసూరు నుంచి పట్టుపురుగుల సారు రామచంద్రప్ప సైకిలు మీద వచ్చి చూసి, "తడి ఆకు వేస్తే ఇట్లే అవుతాది చౌడప్పా" అని చెప్పినాడు. మా ఆయన బుద్ధిగా తలూపినాడు. సారు సైకిలు ఊరు దాటిందో లేదో, టీ అంగడికాడ, "మా దాని మైల తగిలి పురుగు చచ్చింది" అని చెప్పుకున్నాడు.

ఇంకేముంది, ఊరంతా పాకింది. నేను వీధిలో పోతావుంటే మారక్క వాళ్ళ పురుగులింటి తలుపు మూసేది. రాగులు కాయడానికి మాత్రం నేను పనికొస్తాను. మా అత్త ఔననలేదు, కాదనలేదు, తల వంచుకోని ఆకు తరిగింది. మా ఆయన అయితే ఒక మాట తేల్చి చెప్పినాడు. "ఈసారి కూడా పురుగు పోయిందంటే నిన్ను వేప్పనపల్లిలో మీ అమ్మగారింటికాడ వదిలేసి వస్తాను." ఆ మాట నాకు మనసులో నాటుకునింది. పెండ్లయి తొమ్మిదేండ్లకు, పురుగులు చచ్చినాయని పుట్టింటికి పోయిన ఆడది యాడైనా ఉంటాదా? ఉంటే అది నేనే అవుతాను అనుకున్నాను.

ఈ పంటను చంటిబిడ్డ మాదిరి చూసుకున్నాను. పురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు మేత మాని పడుకుని తోలు వదులుతాది, దాన్ని మేము జొరం అంటాము. నాలుగో జొరం లేచినాక దాని ఆకలికి అంతుండదు. వానపడినట్టు చప్పుడు చేస్తా తింటాది. సరిగ్గా ఆ జొరం లేచిన మూడో దినం, వారం ముందుగానే, నేను బయట చేరినాను.

దాచిపెట్టి లోపలే ఉంటే ఎవరికీ తెలీదు. కానీ పురుగులకు ఏదైనా అయ్యి, ఆ మీదట ఇది తెలిసిందా, నా బతుకు అయిపోయినట్టే. చెప్పేసి కొట్టం కాడికి పోయినాను. ఆకుకత్తి మా ఆయన చేతికి పోయింది.

ఒక దినమంతా చూస్తావుంటిని. తోటకూ ఇంటికీ తిరిగినాడు, అమ్మను కసిరినాడు, ఆకును తిట్టినాడు. టీ అంగడి ఆ దినం బోసిపోయి ఉంటాది. రెండో దినం మధ్యాన్నం నా కాడికి వచ్చినాడు. కండ్లు గుంటలు పడినాయి, వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకోనుండాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నంజీ, తలకు పోసుకోని లోపలికి రా. ఎవరికి తెలుస్తాది?" అన్నాడు.

"పురుగులకు తెలుస్తాది గదా. పోయినసారి తెలిసింది గదా" అన్నాను.

"అవన్నీ మనుషులు పెట్టుకున్నవేలే."

"ఓహో. ఎప్పటి నుంచి?"

"పొద్దన నుంచి నా చేతిలో ఆకు తెగడం లేదు. పురుగులు తలలెత్తి చూస్తావుండాయి. ఇంకొక పూట పస్తుపెడితే అంతా పోతాది" అన్నాడు.

మాటెందుకు దాచాల, ఆయన అవస్థ చూసి నాకు కడుపు చల్లగా అయింది. తలలెత్తిన పురుగులు తలచుకుంటే మళ్ళా కడుపు తరుక్కుపోయింది. అవి చస్తే ఎట్లయినా నేరం నా నెత్తికే వస్తాది, అది కూడా తెలుసు. అయినా మొండికేసినాను.

"వస్తాను. ముందు వీధిలో నిలబడి చెప్పు, పోయిన పంట చచ్చింది నా మైలకు కాదు, నువ్వేసిన తడి ఆకుకని. మారక్క వినేటట్టు చెప్పు."

"మొగోణ్ణి, వీధిలో నిలబడి ఎట్లా చెప్పేదే?"

"అట్లయితే మైల ఉన్నట్టే. నాకు నిద్రొస్తావుంది" అని పక్కకు తిరిగి పడుకున్నాను.

అప్పుడు మా అత్త వచ్చింది. ఎంతసేపు విన్నదో ఏమో. "చెప్పి రా పోరా" అనింది కొడుకుతో. "మీ నాయన కాలంలో పన్నెండేండ్లు ఈ ఇంట్లో పురుగు పెంచినాను. ఒక్క నెల కూడా బయట కూచోలేదు. మీ నాయనకు తెలీదు, మా అత్తకు తెలీదు. నేను బయట కూచుంటే మేతేసే దిక్కెవరు? ఒక్క పంట కూడా పోలేదు."

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చినాయి. "మరి ఊరంతా నన్ను అంటావుంటే నోరెందుకు తెరవలేదత్తా?" అన్నాను.

"తెరిస్తే నాదీ బయటపడదా నంజమ్మా" అనింది. నా మొహం చూడలేదు.

చౌడప్ప వీధిలోకి పోయినాడు. మారక్క గడపలో నిలబడి ఉండాది. ఉప్పు అప్పడిగే గొంతుతో ఏమో గొణిగినాడు. "ఇంకొంచెం గట్టిగా చెప్పు, ఆయమ్మకు వినపడలేదు" అని మా అత్త వెనక నుంచి అనింది. రెండోసారి నాలుగిండ్ల వాళ్ళకు వినపడేటట్టు చెప్పినాడు. నేను తలకు పోసుకోని లోపలికి పోయినాను. నేను ఆకు వేస్తావుంటే పురుగులు గబగబా తింటావుండాయి, నన్ను ఏ ఒక్కటీ మైల అనలేదు.

పంట బ్రహ్మాండంగా వచ్చింది. పట్టుగూళ్ళు తెల్లగా, గట్టిగా గులకరాళ్ళ మాదిరి ఉండాయి. రామచంద్రప్ప సారు గుప్పెడు తీసి చూసి, "నీ చేయి మంచిది చౌడప్పా" అన్నాడు. మా ఆయన గుడ్డపీలికలు చుట్టిన చేయి వెనక్కి పెట్టుకోని వినయంగా నవ్వినాడు. మారక్క తలుపు మూసేది మానేసింది. నా పేరు నాకు వచ్చిందని ఆ రోజు తాలింపు పెట్టి పప్పు చేసుకోని తిన్నాము.

పేరు వచ్చింది గాని, పోయింది ఏదో తర్వాతి నెలలో తెలిసింది. బయట చేరినాను అంటే మా ఆయన, "అయితే ఏమి? అవన్నీ లేవని ఊరందరికీ చెప్పితిమి గదా. పో, మేతకు టైమయింది" అన్నాడు. మొగోళ్ళకు శాస్త్రం వదులుకునేది ఎంత సులువో చూడండి. ఆ నెల వెర్రిదాని మాదిరి పోయి ఆకు తరిగినాను. దాని మీది నెల కూడా తరిగినాను. నడుము వంగితే లేవడం లేదు. నెలకు మూడు దినాలు దోమల మధ్యలో పడుకున్న ఆ కొట్టం తలచుకోని, తట్టల సందులో నిలబడి ఏడిస్తిని.

మూడో నెల చాప తీసుకోని నేరుగా కొట్టం కాడికి పోయినాను.

"ఏమే, మైల లేదని నువ్వే గదా నా చేత చెప్పించినావు? ఇప్పుడు ఆడెందుకు కూచున్నావు?" అన్నాడు చౌడప్ప.

"మైల లేదు, నిజమే. సెలవు ఉండాది" అన్నాను.

ఇంటి దిక్కు తిరిగి, "అమ్మా, చూడు దీన్ని" అన్నాడు. మా అత్త లోపల నుంచి వచ్చింది. చేతిలోని ఆకుకత్తి కొడుకు చేతిలో పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకోని వచ్చి నా చాప మీద కూచునింది. ఆమెకు ముట్టు నిలిచిపోయి పదేండ్లు దాటింది.

"నువ్వెందుకమ్మా ఆడ కూచున్నావు?" అన్నాడు.

"నేనూ బయట చేరినాను, పోరా" అనింది మా అత్త. "కొంచెం జరుగు నంజమ్మా" అని కాళ్ళు చాపుకోని నా పక్కన పడుకునింది.