గుడ్డి హంస

సీతారాములు తాత నా కుర్చీ వెనకే కూర్చుని, నేను కంప్యూటర్‌లో చెరిపే ప్రతి వరుసనూ లెక్కపెట్టేవాడు. "నలభై రెండు తీసేసినవ్ బిడ్డా. అండ్ల నా అంచు లేదు గద?" అని అడిగేవాడు. అరవై ఏళ్ళు మగ్గం మీద గడిపిన మనిషి. నేను అతని చీర అంచు డిజైన్‌ను ఎక్కడో దాస్తున్నానని అనుమానం. నాకేమో ఒళ్ళు మండేది.

అది 2006. గద్వాలలో మా చేనేత సంఘానికి ఒక కంప్యూటర్ ప్రోగ్రాం ఉండేది. గళ్ళ కాగితం మీద గీసిన చీర అంచు గ్రాఫ్‌ను ఎక్కిస్తే, మగ్గానికి తగిలించే జకార్డు అట్టలకు బెజ్జాలు కొట్టిస్తుంది. పదేళ్ళ కింద నరేందర్ సారు సి భాషలో రాశాడు. అప్పటి కంప్యూటర్‌లో అంకెలు దాచే int అంటే పదహారు గళ్ళు, గడికో పోగు. కొత్త కంప్యూటర్‌లో అది ముప్పై రెండయ్యేసరికి, రెండేసి వరుసలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని అంచు చెడిపోయింది. దాన్ని బాగుచేసే పని నాకు పడింది. మిషన్ మారినప్పుడల్లా ఆ int కు సారు పెట్టుకుంటూ పోయిన సొంత పేర్లన్నీ కొట్టేసి, ఎక్కడైనా పదహారే ఉండే uint16_t పెట్టాను. ప్రోగ్రాం సగానికి తగ్గింది, అంచు కుదిరింది.

తాత అంచులో ఒక్క హంసకు మాత్రం కన్ను రాలేదు.

మూడు రోజులు వెతికాను. సోమవారంలోపు సరిచేయకపోతే ఇంక రావద్దన్నాడు సంఘం అధ్యక్షుడు జయరాజు. ఆయనా నేతగాడే. మా ఇల్లు గడిచేది ఈ ఉద్యోగంతోనే. చివరికి మూలన పడేసిన పాత కంప్యూటర్‌లో సారు ప్రోగ్రామే నడిపి చూశాను. అక్కడా కన్ను లేదు. వెనక్కి తిరిగితే తాత తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"తాతా, తప్పు నీ గ్రాఫ్‌లనే ఉంది గద?"

"నాకేం తెల్వదు" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం నేతగాళ్ళంతా వచ్చారు. వాళ్ళు ఎక్కించమని ఇచ్చిన గ్రాఫ్‌లన్నీ బల్ల మీదే ఉన్నాయి. ప్రోగ్రాం సరిగ్గానే ఉంది, గ్రాఫ్‌లోనే తప్పుందన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారం. రేపటి సంది రాకు" అన్నాడు జయరాజు.

తాత తల వంచుకునే ఉన్నాడు. నాకు కోపంతో కన్నీళ్ళొచ్చాయి. సంచీ తీసుకుని లేచాను.

"ఆగు బిడ్డా." తాత నిలబడ్డాడు. "స్వరూపది తప్పులేదు. కన్ను నేనే తీసిన. గ్రాఫ్ బయటికిస్తే ఒక్క పోగు తప్పు పెట్టే ఇస్త. మా నాయిన నేర్పిండు. ఎవడన్న అమ్ముకుంటే గుడ్డి హంసతోనే దొరుకుతడు. అట్టలొచ్చినంక ఆ ఒక్క బెజ్జం ఇంట్ల నేనే పొడుచుకుంట."

"నన్ను దొంగ అనుకున్నవా తాతా?"

"అందరిని అనుకున్న బిడ్డా."

నలుగురూ కలిసి ముసలాయన్ని తిడతారనుకున్నాను. కానీ వాళ్ళల్లోంచి బాలయ్య లేచి బల్ల మీంచి తన గ్రాఫ్ లాక్కున్నాడు. "నాది గూడ జర దిద్దుకొస్త" అన్నాడు. ఆయన వెనక బాలస్వామి. ఆ వెనక ఇంకో ఐదుగురు. చివరికి జయరాజు కూడా, నా వైపు చూడకుండా, తన గ్రాఫ్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.